‘భేదాలు రాయండి’: మతసాహిత్య పరీక్షలో చలనచిత్రం

మతసాహిత్య బోధనలో చలనచిత్రాన్ని మూల్యాంకన సాధనంగా స్వీకరించవచ్చునా అన్న ప్రశ్నకు మన శాఖలలో రెండు సమాధానాలు వినిపిస్తున్నాయి. సినిమాకు తగినంత గాంభీర్యం లేదన్నది మొదటిది. పురాణకథను గ్రంథంలో కంటె ముందుగా తెరమీదనే ఎరిగిన తరాలకు బోధిస్తున్నాం గనుక దానితో వాదించవలసిన పని లేదు. ప్రమాదకరమైనది రెండవది. అది సినిమాను ఆదరంగా ప్రశ్నపత్రంలోకి తెచ్చి, మూలానికీ చిత్రానికీ గల భేదాలను వివరించండని అడిగి ఊరుకుంటుంది.

‘లవకుశ’ (1963) విషయంలో దీనికి వచ్చే జవాబు, అంతర్గత పరీక్షల పత్రాలు దిద్దిన పరిశోధక విద్యార్థులకు కంఠస్థమే. లవకుశులు రామునితో యుద్ధానికి తలపడడం వాల్మీకి ఉత్తరకాండలో లేదు, రజకుడూ లేడు. రెండు భేదాలు, రెండు మార్కులు. ఆ రెండు వాక్యాలకు సినిమా చూడనక్కరలేదు, ఉత్తరకాండ తెరవనక్కరలేదు, గైడు చాలు.

అడగవలసినది అక్కడ మొదలవుతుంది. ఉత్తరకాండలో లోకాపవాదాన్ని రామునికి విన్నవించేవాడు భద్రుడు, నింద పౌరజనులది. తరువాతి కథాసంప్రదాయాలలో అది ఒక రజకుని నోటికి చేరింది. సినిమా ఆ పాత్రను కల్పించలేదు, వారసత్వంగా అందుకున్నది. అయితే రేలంగి, గిరిజలకు అప్పగించి హాస్యాన్నీ పాటనూ జోడించింది. నగరమంతటి అనుమానం ఒక రజక దంపతుల తగవుగా కుదించుకుపోయినప్పుడు రాజు నిర్ణయానికి బాధ్యత ఎవరిమీదికి జారింది? ముందు నవ్వించి తరువాత ఏడిపించడం వల్ల ఆ జారుడు మరుగున పడిందా? ఆ కులంలో పుట్టిన విద్యార్థి అదే గదిలో కూర్చుని జవాబు రాస్తూ ఉండవచ్చునన్న స్పృహ ప్రశ్నపత్రానికి అక్కరలేదా?

‘భేదాల’ ప్రశ్న వీటిలో దేనినీ తాకదు. పైగా మూలం ఒక్కటే, తక్కినవి వక్రీకరణలు అన్న విశ్వాసాన్ని చడీచప్పుడు లేకుండా నేర్పుతుంది. (ఉత్తరకాండ ప్రక్షిప్తమా కాదా అన్న వివాదమే తెగలేదు, ఏది మూలం?) తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణా’న్ని రామనిర్యాణం దాకా నడపలేదు. అందుకు ఆయనకు మార్కులు తగ్గిస్తామా?

సినిమా చూపడం కాలహరణమన్న ఆక్షేపణకు సమాధానం సులభం. మొత్తం చిత్రం అవసరం లేదు. పరీక్షాసమయంలో ఐదు నిమిషాల సన్నివేశాన్ని రెండుసార్లు ప్రదర్శించి, సంబంధిత ఉత్తరకాండ భాగాన్ని అచ్చులో చేతికివ్వాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని చూసి నవ్వుతున్నాం, రాముణ్ణి ఆ నిందకు ఎంత దూరంలో నిలిపారు అని అడగాలి. మార్కులు భక్తికీ కాదు, భక్తిరాహిత్యానికీ కాదు. చూసినదాని నుండి చూపిన ఆధారానికి. పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు వచ్చిన ఇద్దరు విద్యార్థులకు సమానమైన మార్కులు రాగలగాలి. అటువంటి పరీక్షకు నమూనా జవాబును ముందుగా అచ్చువేయలేం, ఒక్కొక్క పత్రాన్నీ ఇద్దరు చదవవలసి వస్తుంది. మన అయిష్టతకు అసలు కారణం సినిమా కంటె ఈ శ్రమే కావచ్చునని నా అనుమానం.