పని మనది, పొదుపు వాళ్ళది

సూపర్ మార్కెట్లలో కొనేవాళ్ళే సరుకు స్కాన్ చేసి డబ్బు కట్టేలా పెడుతున్న సెల్ఫ్ చెకౌట్ యంత్రాల గురించి ఈమధ్య ఒక వాదన తరచూ చెవిన పడుతోంది. అమెరికా నుంచో బ్రిటన్ నుంచో సెలవులకు వచ్చినవాళ్ళు చెబుతారు. వ్యాపార పేజీలు రాసేవాళ్ళు చెబుతారు. మన దగ్గర ఇంకా బిల్లింగ్ కౌంటర్ ముందు ట్రాలీలు బారులు తీరుతున్నాయని నామోషీ పడేవాళ్ళూ చెబుతారు. వాదనలో ముక్కలు నాలుగు. ఒకటి, యంత్రం వస్తే క్యూ తరుగుతుంది. రెండు, జీతాల ఖర్చు తగ్గితే ఆ లాభం ధరల్లో మనకే దక్కుతుంది. మూడు, ఏటీఎంకి భయపడ్డవాళ్ళే దీనికీ భయపడుతున్నారు, కొత్తంటే గిట్టకపోవడం తప్ప ఇందులో సరుకు లేదు. నాలుగు, నిజాయితీగా కొనేవాడికి ఆ యంత్రంతో పేచీ ఉండదు. వినడానికి నాలుగూ బాగానే ఉంటాయి. కానీ యంత్రం చేస్తున్న పనేదో, యంత్రాన్ని అడ్డం పెట్టుకుని మన చేత చేయిస్తున్న పనేదో వీళ్ళు విడదీసి చూడలేదు. ఆ తేడా చూస్తే ఒక్కటీ నిలబడదు.

ముందు ఆ యంత్రం దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. కొడుకింటికని డాలస్ వెళ్ళిన ఒక పెద్దావిడ దగ్గర్లో ఉన్న సూపర్ మార్కెట్‌కి వెళ్ళిందనుకోండి. పాల డబ్బాను అద్దం మీద తిప్పగానే యంత్రం కుయ్యిమంది, ధర పడింది. బెండకాయల కవరు మీద బార్‌కోడ్ లేదు. తెర మీద బొమ్మల్లో వెతకాలి, లేదా ఇంగ్లీషులో పేరు కొట్టాలి, ఆపైన తూకానికి పెట్టాలి. అరటిపళ్ళ మీద స్టిక్కరుంటే దాని మీద 4011 అని ఉంటుంది, ఆ అంకె కొడితే సరిపోతుందని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. కొత్తిమీర కోసం కొరియాండర్ అని కొడితే దొరకదు, అక్కడ దాన్ని సిలాంట్రో అంటారు. ఈ తంటాలు పడుతూ ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డసంచిని పక్కనున్న పళ్ళెం మీద పెట్టింది. యంత్రం ఆగిపోయింది. నెత్తిన ఎర్రదీపం వెలిగింది.

ఎందుకాగిందంటే, ఆ పళ్ళెం కింద ఇంకో తూకం ఉంది. ఏ వస్తువు బరువెంతో దుకాణం కంప్యూటరుకి ముందే తెలుసు. స్కాన్ చేసిన సరుకు బరువూ పళ్ళెం మీద పడ్డ బరువూ కలవకపోతే లెక్క కదలదు. గుడ్డసంచి ఆ లెక్కలో లేదు. అక్కడున్న ఆరు యంత్రాలకూ కలిపి ఉన్న ఒక్క ఉద్యోగిని పరుగున వచ్చి, మెడలోని కార్డు తాకించి, రెండు మీటలు నొక్కి, వెలిగిన ఇంకో దీపం వైపు పోతుంది. అదే సరుకు కౌంటర్ మీద పెడితే అక్కడి మనిషికి 4011 కంఠతా వచ్చు, కొత్తిమీర కోడూ వచ్చు. బెల్టు మీద సరుకు దానంతటదే ముందుకొస్తుంది, వస్తువు వస్తువుకీ కాపలా తూకం ఉండదు. పైగా కౌంటర్ మనిషి రోజూ చేసే పని అది. కొనేవాళ్ళు వారానికోసారి చేసే పని ఆ వేగంతో జరగాలంటే ఎలా?

ఇక మొదటి ముక్క, వేగం. చెల్లింపు దగ్గర వేగం వచ్చిన మాట నిజమే. అది 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదటిసారి స్కాన్ చేసిన నాడు మొదలైంది. ఆ వేగం బార్‌కోడ్‌ది. స్కానరును కౌంటర్ వెనకున్న మనిషి చేతిలోంచి తీసి కొనేవాడి చేతికిచ్చినంత మాత్రాన వేగం పెరగదు. మరి యంత్రాల దగ్గర క్యూ తక్కువగా ఉందేమని అడుగుతారు. పది కౌంటర్లు కట్టి రెండే తెరిచి ఉంచితే, యంత్రమేమిటి, ఏం పెట్టినా దాని దగ్గర క్యూ తక్కువే ఉంటుంది. ముందు క్యూని పెంచి, తర్వాత దానికి మందంటూ యంత్రాన్ని చూపించడం వ్యాపారపు తెలివి. దాన్ని మన సౌకర్యమని మనమే చెప్పుకోవడం అమాయకత్వం.

ఈ ముక్కలో నిజం ఎంతవరకు ఉందో టార్గెట్ సంస్థే చూపించింది. అమెరికాలో సుమారు రెండు వేల దుకాణాలున్న ఆ సంస్థ 2024 మార్చిలో చాలాచోట్ల సెల్ఫ్ చెకౌట్‌ను పదికి మించకుండా వస్తువులు కొన్నవాళ్ళకే పరిమితం చేసింది. ముందుగా ఆ పద్ధతి పరీక్షించిన దుకాణాల్లో సెల్ఫ్ చెకౌట్ వేగం రెట్టింపైందని చెప్పింది. ఒక పాల ప్యాకెట్, ఒక సబ్బు కొన్నవాడికి యంత్రం మేలేనని దీన్నిబట్టి ఒప్పుకుందాం. నెల సరుకులతో ట్రాలీ నింపినవాణ్ణి అక్కడికే తోలితే మాత్రం అతనికీ నష్టం, వెనక నించున్నవాళ్ళకీ నష్టం.

రెండో ముక్క, పొదుపు. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, బిల్లు తీసి చూస్తే చాలు. కౌంటర్లో కొన్న కిలో చక్కెరకు ఎంతో, మన చేత్తో స్కాన్ చేసి కొన్న కిలో చక్కెరకూ అంతే. దుకాణం చేయాల్సిన చాకిరీలో కొంత మనం చేశాం, మనకు పైసా తగ్గలేదు. పొదుపు మనదే అయితే ఆ బిల్లులో ఒక్క వరుసైనా కనబడాలి కదా.

పోనీ దుకాణానికైనా పూర్తిగా మిగిలిందా అంటే అదీ అనుమానమే. లీస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ బెక్ 2022లో వెలువరించిన అధ్యయనంలో, కారణం తేలని నష్టాల్లో 23 శాతం దాకా సెల్ఫ్ చెకౌట్ దగ్గరే జరుగుతున్నాయని వ్యాపార సంస్థలే అంచనా వేశాయి. అమెరికాలో డాలర్ జనరల్ సంస్థ 2024లో సుమారు 12 వేల దుకాణాల్లో ఈ యంత్రాల్ని పక్కన పెట్టింది. ఇంగ్లండు ఉత్తరాన బూత్స్ అనే సంస్థ తనకున్న 28 దుకాణాల్లో రెండింటిని మినహాయించి అన్నిచోట్లా తీసేస్తున్నామని 2023 నవంబరులో ప్రకటించింది. విడిగా అమ్మే పళ్ళూ కూరగాయల్లో ఏది ఏదో కొనేవాళ్ళు తెర మీద పోల్చుకోలేకపోవడం వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. డాలస్ పెద్దావిడ కష్టమూ అదే. యంత్రాల్ని ఎరిగినవాళ్ళే వెనక్కి తగ్గుతుంటే, ఎరగనివాళ్ళు వకాల్తా పుచ్చుకోవడం వింతగా ఉంది.

అసలు మనిషే లేని దుకాణమని అమెజాన్ ఊదరగొట్టిన ముచ్చట కూడా చెప్పుకోవాలి. సరుకు తీసుకుని నడిచి వెళ్ళిపోండి, కెమెరాలే లెక్క కడతాయి అన్నారు. 2024 ఏప్రిల్‌లో తమ అమెజాన్ ఫ్రెష్ కిరాణా దుకాణాల్లోంచి ఆ పద్ధతిని తీసేస్తున్నట్టు తేలింది. ఆ లెక్కల వెనక భారతదేశంలో కూర్చుని వీడియోలు చూస్తున్న వెయ్యి మంది దాకా ఉన్నారని ది ఇన్ఫర్మేషన్ అనే వార్తాసంస్థ రాసింది. వాళ్ళు ప్రతి అమ్మకాన్నీ చూస్తూ కూర్చున్నారనడం సరికాదని, సాంకేతికతకు శిక్షణనివ్వడమే వాళ్ళ ముఖ్యమైన పనని అమెజాన్ జవాబిచ్చింది. ఎవరి మాట ఎంత నిజమైనా ఒకటి మిగులుతుంది. కౌంటర్ దగ్గర కనబడకుండా పోయిన మనిషి పనిలోంచి పోలేదు, మన కంటికి ఆనని చోటికి, బహుశా తక్కువ జీతానికి, వెళ్ళాడు.

మూడో ముక్క, కొత్తంటే భయమని. ఇది వాదన కాదు, ఎత్తిపొడుపు. అయినా జవాబు చెబుదాం. ఏటీఎం 1967లో లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో వచ్చింది, మన దేశానికి 1987లో ముంబైకి వచ్చింది. అది నోట్లు తనే లెక్కపెట్టి ఇస్తుంది. బ్యాంకు మూసిన వేళ కూడా ఇస్తుంది. విత్‌డ్రాయల్ ఫారం నింపి, టోకెన్ పట్టుకుని, పిలుపు కోసం బల్ల మీద కూర్చునే బాధ తప్పించింది. 2016లో వచ్చిన యూపీఐ చిల్లర గొడవ తీర్చింది. రెండూ మన పని తగ్గించాయి కాబట్టే పల్లెటూళ్ళో టీకొట్టు దాకా పాకాయి, ఎవరూ ఉపన్యాసాలిచ్చి ఒప్పించలేదు. సెల్ఫ్ చెకౌట్ యంత్రం స్కాన్ చేయదు, కూరగాయను గుర్తుపట్టదు, సంచిలో సర్దదు. అవన్నీ మనమే చేయాలి. అది చేసేది మొత్తం కూడటం, డబ్బు తీసుకోవడం, మన మీద కన్నేసి ఉంచడం.

చరిత్ర తెలిసినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 1916 సంగతి ఎత్తుతారు. ఆ ఏడాది మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ దుకాణం తెరిచి, గుమాస్తా సరుకు తీసివ్వడం మానిపించి, కొనేవాళ్ళే అరల్లోంచి తీసుకునే పద్ధతి పెట్టాడు. అప్పుడు ఆ పని మోసినవాళ్ళు ఇప్పుడు ఈ పని ఎందుకు మోయరని ప్రశ్న. మోసినవాళ్ళకు అప్పుడు ఏం దక్కిందో చూడండి. సరుకును చేత్తో పట్టుకుని చూసి ఎంచుకునే వీలు దక్కింది. ప్రతి వస్తువు మీదా ధర రాసి ఉండటం దక్కింది. గుమాస్తా అంటగట్టింది కాకుండా కావలసింది కొనడం దక్కింది. ధరలూ తగ్గాయి. పని బదిలీ అయితే అయింది, బదులుగా చేతికి ఏదో వచ్చింది. అందుకే ఆ పద్ధతి లోకమంతా నిలిచింది. నేటి యంత్రాన్నీ ఆ కొలతతోనే కొలవమంటున్నాను.

నాలుగో ముక్క అన్నిటికంటే ప్రమాదకరం. నిజాయితీపరుడికి భయమేమిటి అనడం. కౌంటర్ మనిషి ఒక వస్తువు బిల్లు చేయడం మరిచిపోతే అది దుకాణం పొరపాటు. యంత్రం దగ్గర అదే వస్తువు మనం మరిచిపోతే దొంగతనమేమోనన్న అనుమానం. పని బదిలీ అయినప్పుడు దాంతోపాటు తప్పు బరువు కూడా మన నెత్తికెక్కింది, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కావాలని చేసేవాళ్ళు లేరనడం లేదు. ఖరీదైన పండును చవక కూరగాయగా నొక్కే అలవాటు మామూలు జనంలో ఎలా పాకిందో నేరశాస్త్ర పరిశోధకురాలు ఎమెలీన్ టేలర్ 2016లోనే వివరంగా రాశారు. మనిషి కౌంటర్ దగ్గర కలలోనైనా చేయని పనిని యంత్రం దగ్గర చేసి, అది తప్పే కాదని సర్దిచెప్పుకుంటున్నారన్నది అందులో సారం. ఆ ఎర వేసింది దుకాణమే. వేశాక, నిజంగా పొరబడ్డవాణ్ణీ పథకం ప్రకారం పట్టుకుపోయినవాణ్ణీ ఒకే కెమెరాతో చూస్తోంది.

ఇది మన ఇళ్ళకు దూరపు సంగతి కాదు. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వేలాదిమంది పిల్లలు విద్యార్థి వీసా మీద అమెరికాలో ఉన్నారు. దొంగతనంలాంటి నేరాలకు వీసా రద్దయ్యే ప్రమాదముందని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 జూలైలో బాహాటంగా హెచ్చరించింది. అక్కడి పౌరుడికి జరిమానాతో పోయే వ్యవహారం, మన పిల్లవాడికి చదువూ, చదువు కోసం ఇంట్లో తెచ్చిన అప్పూ మీదికి రావచ్చు. అలసిపోయిన రాత్రి ట్రాలీ అడుగున ఉన్న బియ్యం బస్తాను స్కాన్ చేయడం మరిచిపోయినవాడు తన మనసులో దురుద్దేశం లేదని ఎదుటివాళ్ళను నమ్మించుకోవాలి. నిజాయితీపరుడికి పేచీ లేదనేవాళ్ళు అప్పుడు అతని పక్కన ఉండరు.

ఇంతా చెప్పి, యంత్రాలు పగలగొట్టమనే మిత్రులతో చేయి కలపలేను. వాళ్ళు కౌంటర్ ఉద్యోగానికి లేని పవిత్రత కట్టబెడుతున్నారు. పొద్దున వచ్చింది మొదలు రాత్రి షట్టర్ దించే దాకా నిలబడి చేసే కొలువు అది. దుకాణాల్లో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి కుర్చీ ఇవ్వండని చెప్పడానికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాన్నే సవరించాల్సి వచ్చింది. ఆ ఉద్యోగం బాగుపడాలి సరే, ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవాల్సినంత గొప్పదేం కాదు. పైగా యంత్రం ఇచ్చే ఏకాంతానికీ విలువుంది. మన మందుల షాపుల్లో శానిటరీ ప్యాడ్లను ఇప్పటికీ కాగితంలో చుట్టి, నల్ల కవరులో వేసి, దొంగసరుకులా చేతికిస్తారు. ఎవరి చూపూ తగలకుండా కొనుక్కునే వీలు ఒక ఆడపిల్లకు చిన్న విషయం కాదు. మాట సరిగా వినబడనివాళ్ళకు, పరాయి భాషలో మాట్లాడటానికి జంకేవాళ్ళకు కూడా యంత్రమే నయం.

నిజంగా పనిచేసే యంత్రాలూ ఉన్నాయి. యూనిక్లో బట్టల దుకాణాల్లో బుట్టలోని బట్టలన్నీ పెట్టెలో పడేస్తే చాలు, యంత్రం ఒక్కొక్క ట్యాగులో ఉన్న రేడియో చిప్‌ను చదివి లెక్క మొత్తం క్షణాల్లో తేలుస్తుంది. అక్కడ వెతుకులాట లేదు, తూకం కాపలా లేదు. చొక్కా ధరలో చిప్ ఖర్చు కలిసిపోతుంది, పది రూపాయల బిస్కట్ ప్యాకెట్‌కి, కట్ట కొత్తిమీరకి కలవదు. కిరాణాలో చెల్లనిది బట్టల్లో చెల్లడానికి కారణం అదే. మరోపక్క నెదర్లాండ్స్‌లో జుంబో సంస్థ 2019లో, తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ బిల్లు కట్టే ప్రత్యేక కౌంటర్ పెట్టింది. ఒంటరి ముసలివాళ్ళకు ఆ కాసేపు మాటే అవసరమని గ్రహించి, తర్వాత ఇంకా చాలా దుకాణాలకు దాన్ని విస్తరించింది. హడావిడి ఉన్నవాడికి యంత్రం, తీరిక ఉన్నవాడికి మనిషి. రెండూ ఒకే కప్పు కింద ఇమడవచ్చు.

ఇక మన సంగతి. మన సూపర్ మార్కెట్లలో కూరగాయలు తూచి స్టిక్కర్ అంటించడానికి వేరే మనిషి ముందే ఉంటాడు కాబట్టి యంత్రానికి ఒక చిక్కు తప్పుతుంది. కానీ కౌంటర్లో డబ్బు కట్టి వచ్చిన తర్వాత కూడా గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు బిల్లు చూసి గీత గీసే దేశం మనది. సొంతంగా స్కాన్ చేసుకొచ్చినవాడి సంచిని అతను ఊరికే వదులుతాడా? రైల్వే స్టేషన్లలో టికెట్ యంత్రాలు పెట్టాక ఏమైందో కూడా చూశాం. జనం తికమక పడుతుంటే రిటైరైన రైల్వే ఉద్యోగుల్ని, ఇతరుల్ని ఫెసిలిటేటర్లుగా పెట్టి, కమిషన్ ఇచ్చి, వాళ్ళ చేత మీటలు నొక్కిస్తున్నారు. నవ్వుకోవాల్సిన పని లేదు, అది తెలివైన సర్దుబాటే. యంత్రం పక్కన మనిషి తప్పదని రైల్వే ఒప్పుకుంది. దుకాణాలు కూడా ఒప్పుకోవాలి.

కాబట్టి యంత్రం రావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు, ఏ షరతుల మీద అన్నదే ప్రశ్న. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ నగరం 2025లో చట్టమే చేసింది: మూడు యంత్రాలకు ఒక ఉద్యోగి ఉండాలి, పదిహేను వస్తువులకు మించి అక్కడ బిల్లు చేయకూడదు. అదే బాటలో మనం అడగాల్సినవి ఇవి. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ మనిషి ఉన్న కౌంటర్ ఒకటైనా నడవాలి, అక్కడ నోట్లు కూడా తీసుకోవాలి. తెర మీద తెలుగు ఉండాలి. స్కాన్‌లో పొరపాటు జరిగితే ముందు సరిదిద్దుకోమని అడగాలి, ఆ తర్వాతే అనుమానించాలి. మనం చేసిన పనికి బిల్లులో తగ్గింపు కనబడాలి. ఇవి ఇవ్వగల దుకాణం ఎన్ని యంత్రాలైనా పెట్టుకోవచ్చు. ఇవ్వలేనంటే, అక్కడ కొనేవాళ్ళు ట్రాలీని నేరుగా కౌంటర్‌కే తోసుకెళ్ళాలి. కౌంటర్ మూసి ఉంటే తెరవమని మేనేజర్ని అడగాలి.