చక్రాల మీద ఇల్లు: స్వేచ్ఛా? గత్యంతరం లేకనా?

అమెరికాలో వ్యానునే ఇల్లుగా చేసుకొని ఒంటరిగా ఊళ్లు తిరిగే ఆడవాళ్లున్నారంటే మన హాస్టలు మిత్రులు "అదృష్టమంటే వాళ్లదే!" అంటారు. పెద్దలు "అదేం బతుకు?" అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకంలో లిండా మే అనే అరవై దాటిన ఆవిడ ఉంది. అద్దెలు కట్టలేక చిన్న ట్రైలరులో కాపురం. క్యాంపుల్లో, గోదాముల్లో కూలిపని. 2020లో వచ్చిన సినిమాలో ఆమె పాత్ర ఆమే వేసింది.

అక్కడి ప్రభుత్వ పింఛను, బాగా సంపాదించిన 35 ఏళ్ల జీతాన్ని బట్టి కడతారు. అన్నేళ్లు నిండకపోతే తక్కినవన్నీ సున్నాలే. పిల్లల్ని పెంచుతూ ఇంట్లో గడిపిన ఏళ్లు అలా సున్నాలైపోతాయి. పొద్దంతా కలుపు తీసి వచ్చి వంట చేసే మా అమ్మకి ఈ సంగతి చెబితే ఏమీ ఆశ్చర్యపోదు.

కోరి ఈ బతుకు ఎంచుకున్న స్త్రీలూ ఉన్నారు. బండి తాళంచెవి తన చేతిలోనే ఉండటం చిన్న విషయం కాదు. వాళ్ల ధైర్యానికి జోహార్లు! కాని తిరిగి చేరడానికి ఇల్లుంటేనే అది యాత్ర, లేకుంటే వలసే. వాళ్లను పొగిడే ముందు, ఆ సున్నాలకు విలువ కట్టమని అడుగుదాం.