తపాలా బిళ్ళను చదవడం

పాత తపాలా బిళ్ళ చేతికి చిక్కగానే "దీనికి ఎంత ధర వస్తుంది?" అని అడిగేవారే ఎక్కువ. నా అభిప్రాయంలో మొదట అడగవలసిన ప్రశ్న అది కాదు. ఈ బిళ్ళ ఏ కాలానిది? ఏ రాజ్యానిది? మన ఇంటికి ఎలా వచ్చింది? ఇవి తెలిసినప్పుడే సేకరణకు విలువ ఏర్పడుతుంది.

కాలాన్ని బిళ్ళే చెబుతుంది. విక్టోరియా రాణి బొమ్మతోపాటు 'ఈస్ట్ ఇండియా' అని ఉంటే అది 1882కు పూర్వపు ముద్రణ. స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న జాతీయ పతాకంతో వెలువడింది. విలువ అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, నయా పైసలలో ఉంటే ఆ తరువాతి కొన్నేళ్ళలోనిదని గ్రహించవచ్చు. ఒకే బొమ్మ ఉన్న రెండు బిళ్ళలు వేర్వేరు ముద్రణలవి కావచ్చు. అప్పుడు అంచున రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కిస్తారు. అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టి బట్ట రకాన్ని చెప్పే నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టిన మీకు ఈ పద్ధతి కొత్త కాదు.

సోలాపూర్ నేత పేటలలోని తెలుగు కుటుంబాలలో చాలావాటి పూర్వికులు కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి బతుకుతెరువు కోసం వచ్చినవారు. ఆ ప్రాంతాలు అప్పుడు నిజాం పాలనలో ఉండేవి. నిజాం ప్రభుత్వం 1869లో సొంత తపాలా బిళ్ళలను ప్రవేశపెట్టింది. 1871లో వచ్చిన బిళ్ళలపై పారశీకం, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ అక్షరాలు నాలుగూ కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు చదివే మీరు వాటిలో మూడింటిని గుర్తుపట్టగలరు. నాలుగవదానికి ఉర్దూ చదివే మిత్రుని సాయం తీసుకోండి. ఇన్ని లిపులు తెలియడం బరువని కొందరు అనుకుంటారు. ఆ చిన్న కాగితం ముందు అది బరువు కాదు, బలం.

అయితే ఒక చిక్కు ఉంది. నిజాం బిళ్ళలు ఆ సంస్థానం లోపలే చెల్లేవి. సోలాపూర్ అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. కనుక తెలంగాణ నుండి ఇక్కడికి వచ్చే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ అంటించవలసి వచ్చేది. మరి మన ఇంటి పెట్టెలో నిజాం బిళ్ళ దొరికితే అది ఎలా వచ్చినట్లు? ఊరు విడిచినప్పుడు ఎవరైనా పాత ఉత్తరాన్ని మూటలో పెట్టుకొని వచ్చారా? కవరు ఉంటే చిరునామా, తపాలా ముద్ర దీనికి సమాధానం చెబుతాయి. బిళ్ళను ఊడదీసి కవరును పారవేస్తే ఇక చెప్పేవారు ఉండరు.

అందుకే పాత కవరు నుండి బిళ్ళను వేరుచేయకూడదని నా నిశ్చితాభిప్రాయం. ఆల్బంలో వరుసగా అంటించిన బిళ్ళలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. ఎక్కడైనా దొరికే కొత్త బిళ్ళలను అలాగే అంటించుకోండి. కాని తాతగారి పేరున్న కవరు మరొకటి దొరకదు. దానిని బిళ్ళతో, లోపలి ఉత్తరంతో సహా భద్రపరచండి. ఇంటి పెద్దలను అడిగి, రాసినవారి పేరు, ఊరి పేరు వేరే కాగితంపై రాసి దాని వెంట ఉంచండి. పెద్దలు చెప్పగలిగినప్పుడే ఆ పని జరగాలి.