కాలాన్ని చిన్నచూపు చూడకండి!

మా ఊళ్ళో "బారెడు పొద్దెక్కింది" అంటారు. పొద్దును బారతో కొలవడమేమిట్రా అని హాస్టల్లో మిత్రులు నవ్వారు. నవ్వనవసరం లేదు. అమెరికా నౌకాదళంలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ కూడా తన ఉపన్యాసాల్లో కాలాన్ని పొడవుతోనే చూపించేవారు. సెకనులో వందకోట్లవ వంతు నానోసెకను. ఆ కాస్త సేపట్లో వెలుతురు పోగల దూరం సుమారు 30 సెంటీమీటర్లు, అంటే మూరకు తక్కువే! అంత పొడుగు తీగముక్కల్ని ఆమె శ్రోతల చేతికిచ్చి, నానోసెకనంటే ఇదేనని చెప్పేవారు.

ఇంత చిన్న కాలాన్ని కొలిచేదెట్లా? క్వార్ట్జ్ స్ఫటికం క్రమం తప్పకుండా కంపిస్తుంది. దాని సాయంతో పుట్టే స్పందనల్ని కౌంటరు లెక్కపెడుతుంది. సెకనుకు 10 కోట్ల స్పందనలుంటే ఒక్కో లెక్క 10 నానోసెకన్లు. అంతకంటే చిన్న పనిని కొలవాలంటే, దాన్నే లక్షసార్లు చేయించి, పట్టిన కాలాన్ని లక్షతో భాగించాలి. లోలకం ప్రాక్టికల్లో 20 డోలనాలకు టైము చూసి 20తో భాగించడం లేదూ? అదే యుక్తి. స్టాప్‌వాచీ నొక్కడంలో జరిగే పొరపాటు కూడా అంతమేరకు తగ్గిపోతుంది.

భాగిస్తే తగ్గే తప్పే, కూడుతూపోతే కొండంతవుతుంది. పేట్రియాట్ క్షిపణి వ్యవస్థలోని కంప్యూటరు కాలాన్ని సెకనులో పదోవంతు చొప్పున లెక్కించేది. మూడోవంతు దశాంశాల్లో తెగనట్టే, పదోవంతు బైనరీలో తెగదు. 24 బిట్లలో పట్టినంత ఉంచి మిగతాది వదిలేశారు. ఒక్కోసారి పోయింది సెకనులో కోటోవంతుకన్నా తక్కువే! కాని 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 36 లక్షలసార్లు కూడి 0.34 సెకను అయింది. అంతలో స్కడ్ క్షిపణి అరకిలోమీటరు పైగా దూసుకుపోతుంది. రాడార్ తప్పుచోట వెతికింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. సరిచేసిన ప్రోగ్రాము అక్కడికి చేరింది 26న.

మరి మన ల్యాబుల్లో ఏం జరుగుతోంది? రీడింగులు కుదరకపోతే వండేస్తున్నాం. జీ విలువ 980 అనుకుని, వెనక్కి లెక్కగట్టి టైము రాసేస్తున్నాం. నేనూ రాశాను, దాచను. "ఇంత చిన్న తేడాకి ఎవడి కొంప మునుగుతుంది?" అంటారు. పైన చెప్పిందే జవాబు. తెలిసిన తప్పును సరిచేసుకోవచ్చు, కప్పెట్టిన తప్పును ఎవరు సరిచేస్తారు?

మిత్రులారా! వచ్చిన రీడింగే రాద్దాం. అందులో ఎంత తప్పుండొచ్చో పక్కనే రాద్దాం. లెక్చరర్లు కూడా 980 తెచ్చినవాడికే మార్కులు వేసే అలవాటు మానుకోవాలని మనవి. "బారెడు పొద్దు" అనే రైతుకు అది ఉరామరి కొలతేనని తెలుసు. వండిన టైముకు మూడు దశాంశాలు తగిలించే మనకు ఆపాటి నిజాయితీ ఉండొద్దా?