కళ్ళు పచ్చబడిన పిల్లలకు దుఆతోపాటు రక్తపరీక్ష

జ్వరం తగ్గిందనుకునేలోపు పదిహేను, పదహారేళ్ళ పిల్లల కళ్ళు పచ్చబడితే తల్లిదండ్రులు కలవరపడతారు. మా వద్దకు తీసుకువచ్చి దమ్ చేయమంటారు. పసరు మందు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. దుఆ చేయడానికి మేమెన్నడూ వెనుకాడము. అయితే వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రోత్సహించారు. వైద్యానికి ముందు రోగమేదో తెలియాలి.

రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగిందని కామెర్లు తెలుపుతాయి. ఎందుకు పెరిగిందో కళ్ళను చూసి చెప్పడం సాధ్యం కాదు. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే హెపటైటిస్-ఎ వల్ల కాలేయం వాస్తుంది. ఆకలి నశిస్తుంది, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, ఎస్‌జీపీటీ బాగా పెరుగుతుంది. జీ6పీడీ లోపమున్న పిల్లల్లో జ్వరం వల్లనో, కొన్ని మందుల వల్లనో ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. హిమోగ్లోబిన్ తగ్గి ముఖం పాలిపోతుంది. ఇక గిల్బర్ట్ సిండ్రోమ్ పుట్టుకతో వచ్చే తత్వం. యుక్తవయసులో జ్వరం వచ్చినప్పుడో, ఆహారం మానినప్పుడో అది బయటపడుతుంది. మూత్రం రంగు మారదు, ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంటుంది, బిలిరుబిన్ సాధారణంగా 3 మిల్లీగ్రాములు దాటదు. దానికి మందు అక్కరలేదు.

బిలిరుబిన్ మొత్తం ఎంత, అందులో డైరెక్ట్ ఎంత, ఎస్‌జీపీటీ, రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష: వీటితోనే వైద్యునికి చాలావరకు దారి దొరుకుతుంది.

హెపటైటిస్-ఎ ఎక్కువమందిలో కొన్ని వారాలకు తనంతట తానే నయమవుతుంది. గిల్బర్ట్ పచ్చదనం కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆ పేరు పసరుకు దక్కుతుంది. కానీ కాలేయం చెడిపోతున్న పిల్లవాడికి పసరు పోయించి, చేతికి వాత పెట్టించి కూర్చుంటే విలువైన రోజులు చేజారిపోతాయి. మగత, పొంతనలేని మాటలు, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. వైద్యుణ్ణి అడగకుండా జ్వరం మాత్రలు కూడా వేయరాదు.

రమజాన్‌లో ఏం చేయాలని కొందరు అడుగుతారు. అల్-బఖరా సూరా 185వ ఆయత్ రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటునిచ్చింది. హెపటైటిస్‌తో నీరసించిన పిల్లలు కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. గిల్బర్ట్ అని వైద్యుడు నిర్ధారించిన వారి కళ్ళు ఉపవాసంలో కాస్త పచ్చబడవచ్చు. ఒంట్లో బాగున్నంతవరకు ఆ పచ్చదనానికి భయపడి ఉపవాసం మాననక్కరలేదు. ఆ రిపోర్టును భద్రపరచండి. రేపు పెళ్ళి సంబంధాల వేళ ఆ అమ్మాయికి కాలేయ రోగి అన్న ముద్ర పడకుండా అదే సాక్ష్యమిస్తుంది.

అల్లాహ్ మన పిల్లలకు సంపూర్ణ స్వస్థతను, మనకు సరైన వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.