రోగితో నాలుగు మాటలు

నర్సు ఉద్యోగమంటే మధ్యతరగతి ఇళ్ళల్లో ఒకప్పుడు మొహం చిట్లించుకొనేవారు. ఇప్పుడు అదే ఇళ్ళల్లో బి.ఎస్‌సి. నర్సింగు చదివిన అమ్మాయి ఉంటే, చుట్టపుచూపుగా వచ్చినవారు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగే ప్రశ్న "ఇంగ్లీషు పరీక్ష అయిందా, అమ్మా?" అని. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు అన్నీ ఒక ఎత్తు; ఆ పరీక్ష ఒక్కటీ ఒక ఎత్తు. గట్టెక్కితే లండనో, డబ్లినో, మెల్బోర్నో. గట్టెక్కకపోతే మళ్ళీ ఫీజు, మళ్ళీ కోచింగు, మళ్ళీ వసారాలో నాన్నగారి నిట్టూర్పు.

"ఇంగ్లీషు పరీక్ష సంగతి తెలుగు మేష్టారికెందుకయ్యా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఈ పరీక్షలో మన పిల్లలు ఎక్కడెక్కడ జారుతున్నారో చూస్తే, సగం చోట్ల కాలు తగిలేది తెలుగు గడపకే. ఆ గడప ఎంత ఎత్తున ఉన్నదో ముందుగా తెలిస్తే దాటటం సుళువు. అంతే నా పెత్తనం.

ముందు ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు కాస్త. మనదేశంలో పట్టా పుచ్చుకొన్న డాక్టర్లను బ్రిటన్ వైద్యమండలి 1975 దాకా వేరే పరీక్ష లేకుండానే తన జాబితాలో చేర్చుకొనేది. ఆ సంవత్సరంలో ఆ వెసులుబాటు పోయింది. వైద్యజ్ఞానంతోపాటు ఇంగ్లీషును కూడా పరీక్షించటం మొదలుపెట్టారు. 1989లో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వచ్చింది. మనవాళ్ళు ముద్దుగా ఐయెల్ట్స్ అంటారు. వినటం, చదవటం, వ్రాయటం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కొక్కదానికి తొమ్మిది మెట్లు. చదువుకొనే ఇంజనీరుకూ, ఉద్యోగానికి వెళ్ళే నర్సుకూ ప్రశ్నపత్రం ఒక్కటే. అంచేత ఆపరేషను థియేటరులో ఆరేళ్ళు చేసిన అమ్మాయి కూడా ఏదో గ్రాఫును వర్ణించాలి, నగరాలు పెరగటం మంచిదా కాదా అని వ్యాసం వ్రాయాలి.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలో టిమ్ మెక్‌నమారా అనే భాషావేత్త మరో దారి తొక్కాడు. నర్సు ఇంగ్లీషును నర్సు పనిలోనే చూడాలన్నది ఆ దారి. అల్లా తయారైనదే ఓ.ఇ.టి. డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు, చివరికి పశువైద్యులతో సహా 12 వృత్తులవారికి అది ఉన్నది. వినే భాగం, చదివే భాగం అందరికీ ఒకటే; వ్రాసే భాగం, మాట్లాడే భాగం ఎవరి వృత్తికి తగినట్టు వారికి. బ్రిటన్‌లోని నర్సుల మండలి 2017లో దీన్నికూడా అంగీకరించింది. 2018లో ఐయెల్ట్స్ వ్రాతకు 7 బదులు 6.5 చాలునన్నది, తక్కిన మూడింటికీ 7 ఉండాలి. ఓ.ఇ.టి.లో అయితే ఆ మూడింటికీ 500కి 350 రావాలి. వ్రాతకు మటుకు 2021 నుంచి 300 చాలును. చూశారా, రెండు పరీక్షల్లోనూ సడలించింది వ్రాత విషయంలోనే. మిగిలిన వాటిలో మంచి మార్కులు తెచ్చుకొని, వ్రాతలో ఒక్క అర మెట్టు తక్కువై ఆగిపోయినవారు అందరికన్నా ఎక్కువగా కనిపించేవారు మరి.

వ్రాతలో ఏముంది అంత? ఓ.ఇ.టి.లో నర్సుకు వచ్చేది ఒక్క ఉత్తరం. రోగి కేసు షీటు ఒకటి చేతికిస్తారు. 5 నిమిషాలు చదువుకోవటానికి, 40 నిమిషాలు వ్రాయటానికి. అవతల ఎవరో ఒకరు ఉంటారు. ఇంటికి వెళ్ళి కట్టు మార్చే నర్సో, మరో ఆసుపత్రి డాక్టరో, వృద్ధాశ్రమం సిస్టరో. ఈ రోగిని మీకు అప్పజెబుతున్నామని వారికి సుమారు 180 నుంచి 200 మాటల్లో వ్రాయాలి.

ఇక్కడ మొదటి తెలుగు గడప. మన ఉత్తరాల సంప్రదాయమేమిటి? "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, వానలూ పంటలూ పిల్లల చదువులూ అయ్యాక, కాగితం చివరి మలుపులో "ముఖ్యంగా వ్రాయునదేమనగా" అని అసలు సంగతికి వచ్చేవారు. మర్యాదస్తుడు అడగవలసినదాన్ని ఆఖరునే అడుగుతాడని మన పెద్దల లెక్క. ఆసుపత్రి ఉత్తరంలో ఈ లెక్క తలకిందులు. ఎందుకు వ్రాస్తున్నారో మొదటి వాక్యంలోనే తెలియాలి. "ఈమెకు రోజూ కట్టు మార్చాలి, చక్కెర చూస్తూ ఉండాలి" అన్న ముక్క ముందు రావాలి. అవతలి నర్సు ఆ ఉత్తరాన్ని వాలుకుర్చీలో కూర్చొని చదవదు. తలుపు దగ్గర నిలబడి చదువుతుంది.

రెండో సంగతి. కేసు షీటులో ఉన్నదంతా ఉత్తరంలోకి ఎక్కించటం మనవాళ్ళకు అలవాటు. చిన్నప్పటినుంచీ ఎంత వ్రాస్తే అన్ని మార్కులని నేర్పాం కదా! ఇక్కడ విడిచిపెట్టటానికి కూడా మార్కులున్నాయి. తుంటి ఎముక ఆపరేషనై ఇంటికి వెళుతున్న ముసలావిడకు నలభై ఏళ్ళనాడు టాన్సిల్స్ తీసినమాట కట్టు మార్చే నర్సుకెందుకు? కాని ఆవిడకు పెన్సిలిన్ పడదన్న ఒక్క మాట, కేసు షీటులో ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉన్నది, జారిపోతే? పరీక్షలో పోయేవి మార్కులు. వార్డులో పోయేది మార్కులు కావు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని తూచటమే ఆ 5 నిమిషాల పని.

మూడోది, కేసు షీటు వ్రాసేది తంతి భాషలో. "జ్వరం మూడు రోజులు, ఆకలి లేదు, నిద్ర లేదు" అన్నట్టు ఉంటుంది. మనదేశంలో తంతి 2013లో మూతపడింది గాని, ఆసుపత్రుల్లో దాని భాష ఇంకా బ్రతికే ఉన్నది. దాన్ని నిండు వాక్యాల్లోకి తిప్పేటప్పుడు తెలుగు తొంగిచూస్తుంది. "మూడు రోజుల నుంచి జ్వరంగా ఉంది" అని మనసులో అనుకొని, చేతితో "పేషెంట్ ఈజ్ హేవింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్" అని వ్రాస్తాం. తెలుగులో "సోమవారం నుంచి" అన్నా, "మూడు రోజుల నుంచి" అన్నా ఒక్కటే "నుంచి". ఇంగ్లీషు వాళ్ళకు వేరు. మొదలైన రోజు చెబితే "సిన్స్", గడిచిన కాలం చెబితే "ఫర్". "ఉంది" అన్న మన మాటకు బదులు వాళ్ళకు "హేజ్ హేడ్" కావాలి. అంచేత "ద పేషెంట్ హేజ్ హేడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్". ఆ "ఎ"లూ "ద"లూ తెలుగులో అసలు లేనేలేవు. లేని వస్తువును మరిచిపోవటం వింతకాదు. వ్రాయటం ముగించాక 3 నిమిషాలు మిగుల్చుకొని, వాటిని మాత్రమే వెతుకుతూ ఒకసారి చదివి చూసుకొంటే చాలావరకు దొరుకుతాయి.

ఇక మాట్లాడటం. ఓ.ఇ.టి.లో ఇది రెండు చిన్న నాటకాలు. కార్డు ఒకటి ఇస్తారు, రెండు మూడు నిమిషాలు చూసుకోనిస్తారు, తరవాత 5 నిమిషాల సంభాషణ. అవతలివారు రోగి వేషం, మీరు నర్సు. మాటవరసకి, ఇన్సులిన్ మొదలుపెట్టాలంటే బెదిరిపోతున్న అరవై ఏళ్ళ పెద్దమనిషి అనుకోండి. మన అమ్మాయి గుక్కతిప్పుకోకుండా "ఇన్సులిన్ ఈజ్ ఎ హార్మోన్" అని అందుకొంటుంది. వ్యాకరణం తప్పు లేదు, తడబాటు లేదు. అయినా మార్కులు దిగిపోతాయి. ఎందుచేత? ఆ పెద్దమనిషి ఎందుకు భయపడుతున్నాడో అడగలేదు. ఈ భాగంలో భాషను నాలుగు వైపులనుంచి తూస్తారు. దానితోపాటు రోగిని దగ్గర చేసుకొన్నావా, అతని మనసులో మాట తెలుసుకొన్నావా, వరసగా చెప్పావా, అడగవలసినవి అడిగావా, చెప్పినది అతనికి అర్థమైందో లేదో చూశావా అని మరి అయిదు.

ఇదే అమ్మాయి మన ఊరి వార్డులో ఏం చేస్తుంది? మంచం పక్కన నిలబడి, "ఎందుకండీ బాబాయిగారూ అంత భయం? ఎవరైనా ఏమైనా అన్నారా?" అంటుంది. ఆయన నోరు విప్పుతాడు: "మా అన్నయ్యకు ఇన్సులిన్ మొదలెట్టిన ఏడాదికే కాలు తీసేశారమ్మా!" అప్పుడు గాని అసలు ముడి ఎక్కడున్నదో తెలియదు. కాలు పోయింది ఇన్సులిన్ వల్ల కాదనీ, అంతకుముందు ఏళ్ళ తరబడి అదుపు తప్పిన చక్కెర వల్ల అయివుంటుందనీ అప్పుడు చెబితే ఆయన తలకెక్కుతుంది. పరీక్ష అడిగే విద్య ఇదే. వార్డులో రోజుకు పదిసార్లు చేస్తున్న పనే. ఇంగ్లీషు అనగానే ఆ అమ్మాయి నర్సుతనం వదిలేసి విద్యార్థినైపోతున్నది. జవాబు చెప్పటానికి నిలబడుతున్నది గాని రోగి దగ్గర కూర్చోవటం లేదు.

ఇక్కడ ఇంకో తెలుగు గడప ఉన్నది, సూక్ష్మమైనది. మన గౌరవమంతా క్రియ తోకలో ఉంటుంది. "రండి, కూర్చోండి, చెయ్యి ఇల్లా పెట్టండి" అంటే ఎంతో మర్యాద. మాటకు మాటగా "కమ్, సిట్, పుట్ యువర్ హేండ్ హియర్" అన్నామా, ఆ "అండి" కాస్తా దారిలో రాలిపోయి పోలీసు జమాను మాటలా తయారవుతుంది. వాళ్ళకు "నువ్వు"కూ "మీరు"కూ ఒక్కటే మాట. అంచేత వాళ్ళు మర్యాదను వాక్యం తలమీద పెట్టుకొంటారు: "వుడ్ యు లైక్ టు సిట్ డౌన్?", "కుడ్ యు రోల్ అప్ యువర్ స్లీవ్ ఫర్ మి?" ఆజ్ఞ ప్రశ్నగా మారుతుంది. మన అమ్మాయికి మర్యాద రాదని కాదు కదా. తోకలో ఉన్నదాన్ని తలమీదికి మార్చాలి. ఇల్లాంటివి ఒక ఇరవై వాక్యాలు నోటికి అలవాటైతే చాలు.

ఉచ్చారణ సంగతి కూడా చెప్పుకోవాలి. దొరల యాస పట్టాలని కొందరు నాలుక మెలిపెడుతూ ఉంటారు. అక్కరలేదు. మన యాస మనకుండవచ్చు, అవతలివారికి తెలిస్తే చాలు. చూసుకోవలసినవి కొన్నే. తెలుగు అజంత భాష. హల్లుమీద ఆగటం మన నాలుకకు నచ్చదు. బెడ్‌ను "బెడ్డు" అనీ, కార్డ్‌ను "కార్డు" అనీ సాగదీస్తాం. "ఎ"ను "యె" చేస్తాం. నా ఎమ్మే పట్టా కూడా మా ఊళ్ళో "యెమ్మే"యే. మనకున్నది ఒక్క "వ", వాళ్ళకు రెండు. పై పళ్ళు కింది పెదవికి తగిలేది ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టేది ఒకటి. కట్టు తడిసిందని చెప్పబోయి రెండూ కలిపేస్తే, వినేవారికి తడికి బదులు పశువుల డాక్టరు గుర్తుకు రావచ్చు!

వీటన్నిటికన్నా ముఖ్యం అంకెలు. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ". మనం రెండిటినీ ఒకే ఊపున పలుకుతాం. వాళ్ళు మొదటిదానిలో చివర నొక్కుతారు, రెండోదానిలో మొదట నొక్కుతారు. మందు 15 మిల్లీగ్రాములా, 50 మిల్లీగ్రాములా అన్నది ఆ నొక్కు మీద ఆధారపడితే ఎంత పని! అందుకే జాగ్రత్త గల నర్సులు "ఒన్ ఫైవ్" అనీ, "ఫైవ్ జీరో" అనీ అంకెలు విడగొట్టి మళ్ళీ చెబుతారు. ఇది పరీక్షకోసం నేర్చుకొని మరిచిపోయే విద్య కాదు.

డబ్బు సంగతి. ఐయెల్ట్స్ ఫీజు పదిహేను వేలకు పైనే, ఓ.ఇ.టి.కి అంతకన్నా హెచ్చు. మార్కులకు ప్రాణం సాధారణంగా రెండేళ్ళే. అంచేత కట్టేముందు, వెళ్ళదలచుకొన్న దేశపు నర్సుల మండలి ఏ పరీక్షను, ఎన్ని మార్కులను అంగీకరిస్తున్నదో ఆ మండలి ప్రకటనలోనే చూసుకోండి. నియమాలు మారుతూ ఉంటాయి. రెండు పరీక్షలవారూ మాదిరి ప్రశ్నపత్రాలను ఉచితంగా ఇస్తున్నారు. గడియారం ఎదురుగా పెట్టుకొని ఒకటి పూర్తిగా వ్రాసి చూసుకొన్నాకే ఫీజు కట్టటం తెలివైన పని. ఇక "ఈ పది వ్యాసాలు బట్టీపట్టు, గట్టెక్కిస్తాం" అనేవారు తగిలితే రెండు చేతులూ జోడించి వచ్చెయ్యండి. అప్పజెప్పిన పాఠాన్ని పరీక్షకులు ఇట్టే పసిగడతారు. పైగా బట్టీపట్టిన మాట వార్డులో ఒక్క రోగికి కూడా పనికిరాదు.

చివరగా ఇంట్లోవాళ్ళకు ఒక పని. అమ్మాయి తలుపేసుకొని ఒంటరిగా చదివితే ఈ పరీక్షకు చాలదు. ఎదుట మనిషి కావాలి. రాత్రి భోజనాలయ్యాక పావుగంట ఇంటిల్లిపాదీ రోగులు కండి. నాన్నగారు సిగరెట్టు మాననని మొండికెయ్యవచ్చు. తమ్ముడు సూది వద్దని ఏడవవచ్చు. అమ్మ మాత్రలు వేసుకోవటం మరిచిపోవచ్చు. జవాబు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పించుకోండి. తెలుగులో ఉన్న ఆప్యాయత ఇంగ్లీషులో ఎక్కడ జారిందో మీకే వినబడుతుంది. అందుకు మీకు ఇంగ్లీషు కూడా పెద్దగా రానక్కరలేదు. మోకాళ్ళ నొప్పుల వేషం మటుకు బామ్మగారికివ్వండి. ఆవిడ నటించనక్కరలేదు, అయిదు నిమిషాల్లో ఆపనూ ఆపరు. వినటమెలాగో అమ్మాయికి అంతకన్నా బాగా నేర్పే కోచింగు నాకు తెలిసి లేదు.