ఆషాఢం బేరాలు

కొత్తగా కాపురం పెట్టేవాళ్లకు ఇల్లు దొరకడం ఒక యెత్తు, ఆ ఇంట్లోకి సామాను అమర్చుకోవడం మరో యెత్తు. మన ఇళ్లలో ఆ సామాను ఖర్చు యెవరు భరించాలన్న ప్రశ్నకు చాలా కాలంగా ఒకటే జవాబు: పిల్ల తండ్రి! సారె పేరుతో మంచం, బీరువా, గిన్నెలు, చెంబులు అప్పుచేసి పంపిన తండ్రులు మనకు తెలియనివారు కాదు. పిల్ల కాపురం కుదుటపడి, మనుమలు బడికి వెడుతున్నా ఆ అప్పు మాత్రం తీరేది కాదు.

మా అక్క కూతురు, అల్లుడు ఇద్దరూ వుద్యోగస్థులే. సికిందరాబాదుకు ఈశాన్యంగా వున్న యాప్రాల్‌లో రెండు పడకగదుల అపార్టుమెంటు అద్దెకు తీసుకున్నారు. బావగారు రిటైరయిన మనిషి. "పిల్లను బోసి ఇంట్లోకి పంపితే నలుగురూ యేమనుకుంటారు?" అని, అక్క గాజులు బ్యాంకులో కుదువపెట్టడానికి సిద్ధపడ్డారు. అమ్మాయి ససేమిరా అంది. "అమ్మ చేతులు బోసిగా వుంటే నేను సోఫాలో యెలా కూర్చోను నాన్నా?" అంది. తామిద్దరూ దాచుకున్న 60,000 రూపాయలలోనే ఇల్లు అమరాలని దాని పట్టుదల. "పిన్నీ, బేరాలకు నువ్వు రావాలి" అంటే సరేనన్నాను.

అది ఆషాఢం. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లకు వెళ్లిపోతారు. దుకాణాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చోవడం కంటే ధర తగ్గించి నిలవ సరుకు వదిలించుకోవడం వ్యాపారికి లాభం. ఒకప్పుడు చీరలకే పరిమితమైన ఆషాఢం తగ్గింపు క్రమంగా మంచాలకూ, ఫ్రిజ్‌లకూ పాకింది. శ్రావణం రాగానే మళ్లీ పెళ్లిళ్లు, నోములు మొదలవుతాయి. కనక అవసరమున్నవారికి ఆషాఢం నిజంగానే మంచి అదను.

అయితే బజారుకు బయలుదేరేముందు రెండు పనులు చేశాం. మొదటిది, ఇంట్లో మొదటిరోజు నుంచీ లేనిదే గడవని వస్తువుల జాబితా. రెండవది, టేపు పుచ్చుకుని గదులు, గుమ్మాలు, లిఫ్టు కొలవడం. పడకగది పది అడుగుల వెడల్పు. ఆరడుగుల వెడల్పు మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. అయిదడుగులది చాలునని ఇంట్లోనే తేలిపోయింది. సగం ధరకు వచ్చిందని పెద్ద మంచం కొని, గుమ్మంలో పట్టక మెట్లమీద నిలబెట్టినవాళ్లను మీరూ చూసే వుంటారు.

ఒక పెద్ద దుకాణంలో సోఫా నచ్చింది. "నెలకు 4,000 చొప్పున పన్నెండు వాయిదాలు, వడ్డీ లేదు" అన్నాడు గుమాస్తా. "రొక్కం ఇస్తే?" అని అడిగాను. 44,000కు దిగాడు. పైగా వాయిదాలకు ప్రాసెసింగు ఫీజు వేరేనట! ఆ తేడా వడ్డీ కాక మరేమిటి? క్రెడిట్ కార్డులమీద సున్నా వడ్డీ పథకాల విషయంలో రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది — సున్నా వడ్డీ అన్నదే లేదని, దాన్ని ఫీజుల చాటున రాబడుతున్నారని. అందుచేత వాయిదాల మాట యెత్తినవారిని రొక్కం ధర యెంతో ముందు అడగండి. సోఫా మా జాబితాలో లేదు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

యాప్రాల్‌లో వుండడంవల్ల ఒక సౌకర్యం కలిసివచ్చింది. చుట్టూ మిలిటరీవారి ప్రాంతం. సైనిక్‌పురి దగ్గర 1970లో మొదలయిన డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కాలేజీ, తిరుమలగిరిలో మిలిటరీ ఇంజనీరింగు కాలేజీ వున్నాయి. అక్కడ చదువు పూర్తిచేసినవారు, బదిలీ అయినవారు దేశం ఆ చివరకు వెళ్లాలి. బరువైన సామాను మోసుకుపోవడంకంటే అమ్మడమే నయమనుకునేవారుంటారు. అటువంటి ఒక కుటుంబం దగ్గరే టేకు మంచం, భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు దొరికాయి. ఇల్లు ఖాళీ చేసేవారికి తొందర, కొనేవారికి వెసులుబాటు!

పాత సామాను కొనేటప్పుడు చెక్క యేదో చూడండి. టేకు మంచాన్ని పదిసార్లు విప్పి బిగించవచ్చు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలయితే ఒకసారి విప్పగానే మరల పట్టు తప్పుతుంది, నీళ్లు తగిలితే అంచులు వుబ్బుతాయి. మంచం కీళ్లలో, మరల కన్నాల్లో దీపం వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే. పరుపు మాత్రం యెంత చౌకయినా పాతది వద్దు. మేము కొత్తదే తీసుకున్నాం.

ఫ్రిజ్ విషయంలో మరో జాగ్రత్త. నిలవ సరుకు మీద అయిదు నక్షత్రాలు చూసి మురిసిపోకండి. ఆ నక్షత్రాలిచ్చే కొలతలను అప్పుడప్పుడు కఠినం చేస్తారు. ఫ్రిజ్‌లకు 2023 జనవరిలో అలాగే మార్చారు. పాత లెక్కన అయిదయినది కొత్త లెక్కన తగ్గిపోవచ్చు. చీటీమీద యే సంవత్సరం వుందో, యేడాదికి యెన్ని యూనిట్లు కాలుతుందో చదవండి. ధరలో మిగిలింది కరెంటు బిల్లులో పోకూడదు కదా!

చౌక కోసం మరీ దూరం పోవడం కూడా లాభం కాదు. గురువారం నాడు జుమ్మేరాత్ బజారులో పాత సామాను దొరుకుతుంది. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో తెరిచిన ఐకియాలో ప్రదర్శనకు పెట్టిన వస్తువులు, వాపసు వచ్చినవి తగ్గింపుకు అమ్మే మూల వుంది. చిన్న వస్తువులకు బాగానే వుంటుంది. కాని అక్కడినుంచి యాప్రాల్‌కు బల్ల తేవాలంటే బేరంలో మిగిలింది ట్రాలీ ఆటో కిరాయికి సరిపోతుంది.

చివరకు లెక్క ఇలా తేలింది: మంచం 9,000, పరుపు 8,000, బల్ల, కుర్చీలు 6,000, పాత ఇనప బీరువా 5,000, ఫ్రిజ్ 13,000, గ్యాసు పొయ్యి 3,000, తెరలు, బకెట్లు వగైరా 2,000, ఆటో, కూలీలు 3,000. మొత్తం 49,000. మిగిలిన 11,000 అమ్మాయి బ్యాంకులోనే వుంచింది.

హాలులో మాత్రం యింకా చాపే. బావగారు వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడి చూశారు. తర్వాత ఆ చాపమీదనే గోడకు చేరగిలబడి, అక్క గాజుల చేతితో అందించిన కాఫీ తాగారు. నలుగురూ యేమనుకుంటారన్న మాట మళ్లీ యెత్తలేదు.

తగ్గింపు ధర అన్నది మనకు కావలసిన వస్తువు మీద వస్తేనే తగ్గింపు. అక్కరలేనిదాన్ని సగం ధరకు కొంటే మిగిలిన సగం ఆదా అయినట్టు కాదు, మొదటి సగం పోయినట్టు. ఇంట్లో ఖాళీ మూల వుంటే నామోషీ పడనక్కరలేదు. మీ అమ్మాయి కొత్త కాపురానికి వెడుతూవుంటే సారె సామానుకంటే ముందు ఒక టేపు, ఒక లెక్కల పుస్తకం చేతికివ్వండి. ఆ మూలలో యేం పెట్టాలో ఒక యేడాది కాపురం చేశాక వాళ్లకే తెలుస్తుంది.